కుటుంబ దినానికి వచ్చిన ఆయా

ఎడ్నా పేరెత్తితే మా టొంగోవా ద్వీపం వాళ్ళు ఛాతీ విరుచుకుంటారు. మన పిల్ల రాజధానిలో కొండ మీద ఇల్లు కట్టిందనీ, మొగుడు రూబెన్‌కి ఇనప సామాను దుకాణం ఉందనీ, చర్చి మహిళా సంఘానికి ఆవిడే అధ్యక్షురాలనీ చెప్పుకుని మురిసిపోతారు. నేను మురవను. ఆ రాజధాని పోర్ట్ విలా బజారులోనే బల్ల పెట్టుకుని అన్నం, కూర వండి అమ్మే మనిషిని నేను. ఎవరు ఎలా తింటారో, తిన్నాక ఏ ముఖం పెట్టుకుని లేస్తారో నాకు తెలుసు. పెళ్ళి కాకముందు ఎడ్నా కూడా నా బల్ల దగ్గరే తినేది. చేప ముక్క కింద అన్నం దాచేసి, "పిన్నీ, అన్నం తక్కువ పెట్టావు, ఇంకో గరిటె వెయ్యి" అనేది. కొండెక్కాక అలవాట్లు మారతాయంటారు. పళ్ళెం మారింది, అంతే.

లెయిసావి మా అన్న కూతురు. మాట నెమ్మది, నడక నెమ్మది, నవ్వితే మాత్రం నాలుగిళ్ళకి వినపడుతుంది. దాని మొగుడు పళ్ళు కోసే పనికి ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడే ఇంకొకతెతో కాపురం పెట్టాడు. వాడి గురించి ఇంతకంటే మాట్లాడితే నా నోటికే నష్టం. అది కూతురు మెరెలిన్‌ని వెంటబెట్టుకుని సరుకుల ఓడలో విలా వచ్చి, సీసైడ్ పేటలో మా రేకుల ఇంట్లో దిగింది. ఆ ఇంట్లో నేనూ, ముసలిదైన మా అమ్మా ఉంటాం.

సంగతి తెలిసిన రెండో రోజే ఎడ్నా కారేసుకుని వచ్చింది. వాకిట్లో బురద ఉంటే చెప్పులు పాడవుతాయని కారులోంచే మాట్లాడింది.

"ఇదేంటి పిన్నీ, మన రక్తం ఈ రేకుల కింద మగ్గడమేంటి? మా నాయనమ్మా, మీ అత్తా ఒకే పొయ్యి మీద వండుకున్నోళ్ళు. లెయిసావీ, సంచి సర్దుకో. నా ఇంట్లో ఉందువుగాని."

"పిల్లో?" అన్నాను.

"మెరెలిన్‌ని నువ్వుంచుకో పిన్నీ. మా ఇంట్లో మంచాలు చాలవు."

ఆ ఇంట్లో ఎన్ని గదులున్నాయో తుడిచాక లెయిసావి చెప్పింది. రెండు గదులకి ఎప్పుడూ తాళమే. మంచాలు చాలకపోవడం ఆ తాళాల వల్ల కావచ్చు.

ఎడ్నాకి ఇద్దరు పిల్లలు. తాన్యా బడికి వెళ్ళే పిల్ల. జోయాష్ అప్పుడప్పుడే నడక నేర్చినవాడు. లెయిసావి వాళ్ళకి ఆయా. మా ఊళ్ళో ఇంటి పనికి పెట్టుకున్న ఆడదాన్ని, తల నెరిసినా సరే, ‘హౌస్ గర్ల్’ అనే అంటారు. ఎడ్నా ఆ మాట అనేది కాదు. "మా చెల్లి" అనేది. జీతం మాట వస్తే, "అక్కాచెల్లెళ్ళ మధ్య జీతమేంటే, నెలనెలా చేతిలో పెడతాగా" అనేది. పెట్టేది కూడా. తిట్టడానికి వీల్లేనంత, బతకడానికి చాలనంత.

మా వనువాటు దేశంలో సెలవులకి కరువు లేదు. చీఫులకో రోజు, పిల్లలకో రోజు, ఐకమత్యానికో రోజు, క్రిస్మస్ మర్నాడు కుటుంబానికో రోజు. బ్యాంకులు మూస్తారు, ఆఫీసులు మూస్తారు, ఎడ్నా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లోనే పొయ్యి ఎక్కువ మండుతుంది. చుట్టాలు, స్నేహితులు, రూబెన్ వ్యాపారం మనుషులు, వాళ్ళ పిల్లలు. ఇంతమంది పిల్లలనీ ఒడ్డున చేర్చే బాధ్యత లెయిసావిది. సెలవు రోజున పని చేయించుకుంటే మామూలు కూలి కంటే ఎక్కువ ఇవ్వాలని ఊరందరికీ తెలుసు. రూబెన్ తన దుకాణంలో సిమెంటు బస్తాలు మోసేవాళ్ళకి ఇస్తాడు. ఇవ్వకపోతే వాళ్ళు బస్తాని అతని కాలి మీదే దించుతారు. ఇంట్లో చంటిపిల్లాణ్ణి మోసే మనిషికి ఆ సౌకర్యం లేదు కదా.

పిల్లల దినం నాడు సరలానా మైదానంలో ఊళ్ళోని బడి పిల్లలందరి ఊరేగింపు. మెరెలిన్ బడి బ్యానరుకి ఒక కొస పట్టుకుంది. వారం ముందునుంచీ ఆ పిల్లకి అదే కల. "మా అమ్మ వస్తుందిగా?" అని పడుకునే ముందు అడుగుతుంది, లేచాక అడుగుతుంది.

వచ్చింది వాళ్ళమ్మ. పెద్దల షామియానా వెనకాల, జోయాష్‌ని చంకనేసుకుని, ఐస్‌క్రీమ్ కోసం గింజుకుంటున్న తాన్యా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. షామియానాలో ఎడ్నా మైకు పట్టుకుని ప్రసంగం చేస్తోంది. తల్లి ఒడే బిడ్డకి మొదటి బడి అంది. అప్పుడు ఆవిడ ఒళ్ళో ఉన్నది హ్యాండ్‌బ్యాగు. జనం చప్పట్లు కొట్టారు. జనానికేం, చేతులున్నాయి.

మెరెలిన్ బ్యానరు మోసుకుంటూ షామియానా ముందుకొచ్చి, వెనకాల ఉన్న తల్లిని చూసి, "అమ్మా! అమ్మా, ఇటూ!" అని అరిచింది. లెయిసావి చెయ్యెత్తబోయింది. ఒక చేతిలో తాన్యా, ఇంకో చేతిలో జోయాష్, వాడి పాలసీసా. తల ఊపింది. ఆ ఊపడం బ్యానరు పట్టుకుని నడుస్తున్న పిల్లకి కనబడిందో లేదో నాకు తెలీదు. ఊరేగింపు ఆగదు కదా, వెళ్ళిపోయింది.

అంతా అయ్యాక ఎడ్నా మా చెట్టు నీడకి వచ్చి మెరెలిన్ చేతిలో ఒక కేకు ముక్క పెట్టింది.

"చూశావా పిన్నీ, పండగ పూట తల్లీకూతుళ్ళని ఎలా కలిపానో! వేరే ఇల్లయితే లెయిసావిని గుమ్మం దాటనిచ్చేవాళ్ళా?"

నేను నోరు ఊరుకోబెట్టుకోలేను. "సంతోషం ఎడ్నా. సెలవు రోజు పని చేయించావు కదా, దానికి అదనం ఏమైనా ఇస్తావా మరి?"

ఎడ్నా నన్ను పైనుంచి కిందికి చూసింది. కోపంగా కాదు, సరదాగా. "పనా? ఇవాళ అదేం పని చేసింది పిన్నీ? పిల్లల్ని ఎత్తుకుని మైదానంలో షికారు తిరిగింది. నన్నెవరైనా డబ్బిచ్చి ఇలా తిప్పితే బాగుండు!"

పక్కనున్న మహిళా సంఘం ఆడవాళ్ళు కిలకిలా నవ్వారు. ఎడ్నా జోకులకి నవ్వడం ఆ సంఘంలో సభ్యత్వ రుసుము లాంటిది.

మర్నాడు మాత్రం ఒక సంచి పంపించింది, ‘పిల్లల దినం కానుక’ అని. విప్పి చూస్తే తాన్యాకి పొట్టివైపోయిన గౌన్లు, సాగిపోయిన ఈత బట్టలు, ఒక కాలి చెప్పు. ఒకటే. మా అమ్మ ఆ చెప్పుని అటూ ఇటూ తిప్పి, "రెండోది వచ్చే ఏడు పంపుతుందేమోలే" అంది.

ఆ తర్వాతి వారమే స్వాతంత్ర్య దినం. ఊరంతా జెండాలు, సంబరాలు. ఎడ్నా కుటుంబం ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ విడిది ఇంటికి బయల్దేరింది. "నువ్వూ రావే, సముద్రం గాలి నీకూ మంచిది. నీకూ సెలవే అనుకో" అంది లెయిసావితో. అక్కడికి రూబెన్ స్నేహితులు రెండు కుటుంబాలు పిల్లలతో సహా దిగారు. పెద్దవాళ్ళు వరండాలో పడుకుని సముద్రాన్ని చూశారు. లెయిసావి సముద్రంలోకి ఎవడు పరిగెడుతున్నాడో చూసింది. వారం రోజులూ దాని మడమ కూడా నీళ్ళలో తడవలేదట.

చివరి రోజున, పిల్లలు నిద్రపోయాక, ఎడ్నా వరండాలో గోళ్ళకి రంగు వేసుకుంటుంటే లెయిసావి వెళ్ళి అడిగింది. నేర్చుకుపోయిన మాటలేమీ కావు.

"అక్కా, సెలవు రోజులకి అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇవ్వు. మెరెలిన్‌కి బడి చెప్పులు కొనాలి."

"ఏమే, చెప్పులు పంపలేదా మొన్న?"

"ఒకటి పంపావు."

ఎడ్నాకి ఏడుపు చాలా సులువు. కుళాయి తిప్పినంత సేపు పట్టదు. ఒక్కసారిగా కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నిన్ను చెల్లెలనుకున్నానే. నువ్వు నన్ను యజమానురాలిని చేసేశావు. డబ్బు ముందు రక్తం ఇంతేనా?" అంది. గోళ్ళు ఆరలేదని కళ్ళు మణికట్టుతో తుడుచుకుంది. రూబెన్ పక్కనే ఉన్నాడు. అతనికి నోరుందని నాకు తెలిసింది చాలా రోజుల తర్వాత.

ఊళ్ళోకి రాగానే ఎడ్నా విషయాన్ని చీఫ్ మనాసే దగ్గరికి తీసుకెళ్ళింది. విలాలో మా ద్వీపం వాళ్ళ తగవులు తీర్చే పెద్ద ఆయన. ఆయన తీర్పులు చాలావరకు నిన్న రాత్రి ఎవరింట్లో కావా వేరు రసం తాగి మత్తెక్కాడో, మాంసం ఎవరు పంపారో దాన్ని బట్టి ఉంటాయి. ఆ వారం రూబెన్ ఇంటి నుంచి పంది తొడ వెళ్ళిందని మా పేటలో కుక్కలకి కూడా తెలుసు.

పేట రేకుల షెడ్డులో చాప పరిచి మనాసే కూర్చున్నాడు. ఒక పక్క ఎడ్నా, రుమాలు చేతిలో. ఇంకో పక్క లెయిసావి, నేను.

"చూడు పిల్లా," అన్నాడు మనాసే, "తెల్లవాళ్ళ పద్ధతి వేరు, మన పద్ధతి వేరు. చుట్టరికంలో గంటలు లెక్కపెట్టరు. నువ్వు నీ అక్కకి తలవంపులు తెచ్చావు."

"మరి ఆవిడ మొగుడి దుకాణంలో తెల్లవాళ్ళ పద్ధతి ఎలా నడుస్తోంది పెద్దాయనా?" అన్నాను నేను.

"అది దుకాణం. ఇది ఇల్లు. నువ్వు మధ్యలో మాట్లాడకు."

"దాని మేనత్తని. మధ్యలో కాక చివర్లో మాట్లాడనా?"

మనాసే గొంతు సవరించుకుని తీర్పు చెప్పేశాడు. లెయిసావి ఒక చాప ఇచ్చి ఎడ్నాకి క్షమాపణ చెప్పుకోవాలట. డబ్బు మాట ఇక ఎత్తకూడదట.

నేను మళ్ళీ నోరు తెరవబోయాను. లెయిసావి మాత్రం వాళ్ళమ్మ అల్లి పంపిన చాపని నిమ్మళంగా తెచ్చి ఎడ్నా ముందు పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడింది.

"పెద్దాయనా, ఒక్క మాట. నేను వీళ్ళకి చుట్టాన్నేనా? అందరి ముందూ ఓసారి చెప్పండి."

"చుట్టానివే. అందుకే కదా ఈ తీర్పు."

"అదేం అడగడమే పిచ్చిదానా!" అని ఎడ్నా లేచి దాన్ని కావలించుకుంది. "నా సొంత చెల్లెలివి. నా ఇల్లు నీ ఇల్లు."

చాప చంకలో పెట్టుకునే కావలించుకుంది. అది గమనించాను. లెయిసావి భయపడి అలా అడిగిందేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక తిట్టాను కూడా. "సిగ్గు లేదే నీకు? వాళ్ళు చెంప మీద కొడితే చుట్టమా కాదా అని అడుగుతావా?"

"నిద్రొస్తోంది అత్తా," అని పడుకుంది.

పని మానలేదు. మెరెలిన్ బడి ఫీజు ఉంది, జోయాష్ ఉన్నాడు. వాడు లెయిసావి లేకుండా అన్నం ముట్టడు. ఈ రెండూ ఎడ్నాకి బాగా తెలుసు. ఆ తర్వాత వచ్చిన సెలవులన్నీ అలాగే గడిచాయి. ఒక్కో సెలవుకీ ఎడ్నా ఇంకాస్త ప్రేమగా ‘చెల్లీ’ అనేది.

క్రిస్మస్ దగ్గరపడింది. కుటుంబ దినం నాడు కొండ మీద పెద్ద విందు పెట్టింది ఎడ్నా. మహిళా సంఘం, చర్చి పెద్దలు, రూబెన్‌తో వ్యాపారం చేసేవాళ్ళు, చీఫ్ మనాసే, అందరికీ పిలుపులు వెళ్ళాయి. నాకు రాలేదు.

"ఆ రోజు పొద్దున్నే ఉండాలి చెల్లీ," అంది ఎడ్నా. "కుటుంబ దినం నాడు నువ్వు లేకపోతే ఎలా? నువ్వూ కుటుంబమేగా!"

"వస్తానక్కా," అంది లెయిసావి. క్రిస్మస్ రాత్రికి మాత్రం మా ఇంటికి వచ్చేసింది, నాయనమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి. వచ్చి, నా ముందు చతికిలబడి, "అత్తా, రేపు అందరం వెళ్దాం" అంది.

"ఎక్కడికే?"

"అక్క ఇంటికి. కుటుంబ దినం కదా."

నేను దాని ముఖం చూశాను. అది నవ్వింది. నాలుగిళ్ళకీ వినపడేలా నవ్వింది. అప్పటికి నాకు బుర్రలో దీపం వెలిగింది. మేనత్తని, ఇంత ఆలస్యంగా వెలిగినందుకు సిగ్గుపడ్డాను.

తెల్లారి వండటం మొదలుపెట్టాం. కంద తురిమి, కొబ్బరి పాలు పోసి, ఆకుల్లో చుట్టి, కాలిన రాళ్ళ మధ్య పెద్ద లాప్‌లాప్ చేశాం. చుట్టాలింటికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. కొత్త చాప ఒకటి, బతికున్న కోడిపుంజు ఒకటి. ఆడవాళ్ళందరం పూల గౌన్లు వేసుకున్నాం. మా అమ్మ, మెరెలిన్, మా చెల్లెలి కుటుంబం, మా బాబాయి, ఆయన కొడుకులు, కోడళ్ళు, చంటివాళ్ళు. ఒక బస్సు పూర్తిగా మాట్లాడుకుని కొండెక్కాం.

గేటు దగ్గరికి ఎడ్నా పరిగెత్తుకొచ్చింది. తెల్లటి కొత్త గౌను, జోయాష్ చంకలో చీమిడి కారుస్తూ. "ఎక్కడ చచ్చావే ఇంతసేపూ? వీడు పొద్దున్నుంచీ నన్ను..." అంటూనే వెనకాల దిగుతున్న మమ్మల్ని చూసింది.

"కుటుంబ దినం శుభాకాంక్షలు అక్కా," అంది లెయిసావి. చాప చేతికిచ్చింది. కోడిపుంజుని మా బాబాయి అందించాడు. అతిథులంతా చూస్తున్నారు. చీఫ్ మనాసే ముందు వరసలో కూర్చుని ఎముక చీకుతున్నాడు. చాపా కోడీ పట్టుకుని వచ్చిన చుట్టాన్ని గేటు దగ్గర్నుంచి పంపేస్తే మా వాళ్ళలో తరతరాలు చెప్పుకుంటారు. ఎడ్నా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

"రండి రండి. అబ్బ, ఎంత మంది వచ్చారో!"

మేం వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నాం. పూలు పెట్టిన బల్ల దగ్గర, మంచి కుర్చీల్లో. జోయాష్ లెయిసావిని చూసి చేతులు చాపాడు. అది ఎత్తుకుంది, ముద్దులు పెట్టింది, ముక్కు తుడిచింది. తుడిచి, జాగ్రత్తగా తల్లి చేతికి తిరిగిచ్చేసింది.

"పట్టుకో అక్కా. ఇవాళ నేనూ చుట్టాన్నే."

ఇవ్వడం ఎంత కష్టమైందో దాని మెడ మీద నరం చూస్తే నాకు తెలిసింది. పిల్లాడు గుక్కపట్టాడు. ఎడ్నా తెల్ల గౌను మీద కూర మరక, దాని మీద చీమిడి, దాని మీద ఇంకేదో. తాన్యా ఒకపక్క, "అమ్మా, నా జడ ఊడిపోయింది, లెయిసావి అయితే గట్టిగా వేస్తుంది" అని గొడవ. కన్న పిల్లల్ని ఎటు పట్టుకోవాలో కూడా తెలియక, వేడి గిన్నె పట్టుకున్నట్టు ఆ చెయ్యీ ఈ చెయ్యీ మారుస్తున్న మహిళా సంఘం అధ్యక్షురాలిని చూసి నాకు జాలి రావాలి. రాలేదు.

మా వాళ్ళు తిన్నారు. మొహమాటం లేకుండా తిన్నారు. తిన్నాక చుట్టరికం మాటలు మొదలయ్యాయి. మా బాబాయి రూబెన్ పక్కన కుర్చీ లాక్కుని, "అల్లుడూ, నా పడవకి మోటారు పాడైంది. నీ దుకాణంలో ఉన్నాయట కదా? సొంత అల్లుణ్ణి పెట్టుకుని ఇంకొకణ్ణి అడిగితే నీకు అవమానం" అన్నాడు. మా అమ్మ ఎడ్నా చెయ్యి పట్టుకుని, "మనవరాలా, ఆ తాళం వేసిన గది ఒకటి నాకు తెరిపించవే. మా రేకులింట్లో వాన కారుతోంది. పండగలు వెళ్ళేదాకా ఇక్కడే ఉంటాను" అంది. మా చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి, "ఎడ్నా, మిగిలిన మాంసం ఏ గిన్నెలో పట్టుకెళ్ళను?" అని కేకేసింది. ఇందులో పాపం ఏదీ లేదు. మా దగ్గర చుట్టాలు చుట్టాలని ఇలాగే అడుగుతారు, ఇలాగే ఇస్తారు. తీసుకునేటప్పుడు మాత్రమే చుట్టం కావడం ఎడ్నా కనిపెట్టిన పద్ధతి.

జోయాష్ మళ్ళీ లెయిసావి కాళ్ళు చుట్టేసుకున్నాడు. ఎడ్నా వాణ్ణి లాగింది, వాడు చెయ్యి కొరికాడు. అక్కడితో ఆవిడ సహనం తెగింది.

"ఏయ్! లే కుర్చీలోంచి! ఎవరనుకుంటున్నావే నువ్వు? నెలకింత పడేసి పెట్టుకున్న పనిదానివి నువ్వు! చుట్టమంట, చుట్టం! నీ మందనంతా తోలుకొచ్చి నా బల్ల దగ్గర కూర్చుంటావా? లేచి వీణ్ణెత్తుకో!"

ఎవరో పాటల పెట్టె ఆపేశారు.

మా అమ్మకి చెవుడు. "ఏమందే?" అని గట్టిగా అడిగింది.

నేను ఇంకా గట్టిగా చెప్పాను, గేటు బయట బస్సు డ్రైవరుకి కూడా వినపడేలా. "లెయిసావి చుట్టం కాదంటమ్మా! జీతానికి పెట్టుకున్న పనిమనిషి అంట! పెద్దాయనా, మీ చెవిన కూడా పడిందా?"

మనాసే నోట్లో ముక్క ఉంది. మింగలేడు, ఉమ్మలేడు. మహిళా సంఘం ఆడవాళ్ళలో ఒకావిడకి నవ్వు ఆగక పళ్ళెంలోకి తల దించేసింది. సభ్యత్వం పోతుందేమో పాపం.

లెయిసావి లేచింది. "సరే అక్కా," అంది, ఎప్పటి గొంతుతోనే. "పనిమనిషినైతే ఇవాళ సెలవు. ఇన్నాళ్ళూ పని చేసిన సెలవులకి ఇవ్వాల్సింది ఇచ్చేస్తే, రేపట్నుంచి ఇంకొకరిని చూసుకో."

కిందికి దిగేటప్పుడు బస్సులో ఎవరూ పాట పాడలేదు. లెయిసావి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మెరెలిన్ దాని చెయ్యి పట్టుకుంది. పిల్లాడి ఏడుపు గేటు దాటాక కూడా చాలా దూరం వినపడింది.

కొత్త సంవత్సరం వెళ్ళిన కొన్ని రోజులకి రూబెన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు, కవరు పట్టుకుని. న్యాయం గుర్తొచ్చి కాదు. కావా తాగే చోట మగవాళ్ళు, "ఏం రూబెన్, ఇవాళ మేం కుటుంబమా, కూలీలమా? ఏదైతే డబ్బు తక్కువ చెప్పు" అని ఆటపట్టిస్తున్నారు. దానికి తోడు మనాసే, తన తీర్పు నవ్వులపాలైందన్న మంటకొద్దీ, "పనిమనిషి అని నీ పెళ్ళామే అంది కాబట్టి ఇవ్వాల్సింది ఇచ్చెయ్" అని కబురు పెట్టాడు. పంది తొడ అరిగిపోయినట్టుంది.

"ఇదిగో పిన్నీ. లెయిసావికి ఇవ్వు," అన్నాడు రూబెన్. అతని గొంతు అంత సన్నగా ఉంటుందని నేననుకోలేదు. "ఎడ్నా మనసు మంచిదే. నోరే..."

"నీ నోరెక్కడ పెట్టావు అబ్బాయ్, అన్నాళ్ళూ?"

బల్ల మీద కవరు పెట్టి, అటూ ఇటూ చూసి, వెళ్ళిపోయాడు. డబ్బు సరిగ్గానే ఉంది. దుకాణం మనిషి కదా, లెక్క వచ్చు. ముందూ వచ్చు.

ఎడ్నా నెల తిరక్కుండా టొంగోవా నుంచి ఇంకో పిల్లని తెప్పించుకుంది. దాన్నీ ‘చెల్లీ’ అనే పిలుస్తోందట. ఊళ్ళో కనబడితే నాతో మాట్లాడదు. ఆ మేరకు నా ఆయుష్షు పెరిగింది. మహిళా సంఘానికి ఇప్పటికీ ఆవిడే అధ్యక్షురాలు. మన ఆడవాళ్ళు నవ్వుకుంటారు, మళ్ళీ ఆవిడకే చెయ్యెత్తుతారు.

ఆదివారాలు చర్చిలో జోయాష్ బెంచీల కింద నుంచి పాకుతూ లెయిసావి దగ్గరికి వచ్చేస్తాడు. అది ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. ప్రసంగం అయ్యేదాకా వాడు దాని గౌను అంచు నోట్లో పెట్టుకుని నిద్రపోతాడు. ఎడ్నా పాటల బృందంలోంచి చూస్తూనే ఉంటుంది, వచ్చి తీసుకెళ్ళదు. ఆ గంటసేపూ పిల్లాడు తనని పీక్కుతినకపోవడం ఆవిడకీ సుఖమే.

లెయిసావి ఇప్పుడు ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ ఇంట్లో పిల్లని చూసుకుంటోంది. ఆవిడ మలేకులా ద్వీపం మనిషి, మాకు ఏ రకంగానూ చుట్టం కాదు, గట్టిగా నవ్వదు కూడా. సెలవు రోజు రమ్మంటే ముందే అడుగుతుంది, వస్తే సెలవు కూలి ఇస్తుంది, అక్కర్లేకపోతే రావద్దంటుంది.

ఈ ఏడు స్వాతంత్ర్య దినానికి రావద్దంది. మెరెలిన్ జెండా పట్టుకుని తయారైంది. కవాతు చూడ్డానికి ముగ్గురం వెళ్దామనుకున్నాం. తీరా చూస్తే లెయిసావి చాప మీద బోర్లా పడుకుని ఉంది. లేపితే లేవలేదు.

"లేవే, కవాతు అయిపోతుంది!"

"మీరెళ్ళండి అత్తా."

ఇంతోటి దానికా అంత రభస చేశాం అనిపించింది నాకు. మెరెలిన్‌ని నేనే తీసుకెళ్ళాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అది అలాగే ఉంది, పక్కకి మాత్రం తిరిగింది. మా అమ్మ తలుపు దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. లెయిసావి లేచి, నేను పెట్టిన అన్నం తిని, పళ్ళెం కూడా కడక్కుండా, మెరెలిన్‌ని దగ్గరికి లాక్కుని మళ్ళీ పడుకుంది.